సిరా లేని సంతకము

పటాన్‌చెరు మండలములో రాతి క్వారీలకు పేరుపడిన లక్డారం గ్రామములో ఒక విద్యార్థి ఉపకారవేతనమునకు దరఖాస్తు పెట్టవలెననిన ఆదాయ ధ్రువపత్రము కావలెను. పూర్వము తహసీలు కార్యాలయమునకు పోయి, అధికారి చేత సంతకము చేయించి, రబ్బరు ముద్ర వేయించుకొని రావలసి యుండెను. 2011లో ‘మీ సేవ’ మొదలైన తరువాత ఆ పత్రము కేంద్రములోనే అచ్చై చేతికి వచ్చుచున్నది. దానిమీద సిరా గుర్తు ఉండదు. తహసీల్దారు డిజిటల్ సంతకము చేసినట్లు అచ్చులో మాత్రము ఉండును. అచ్చు ఎవరైనను వేయవచ్చును గదా, దానిని నమ్ముట ఎట్లు? చుట్టును ఫ్యాక్టరీలు వెలసి భూముల ధరలు పెరిగిన ఈ ప్రాంతములో ఆ ప్రశ్న విద్యార్థికే కాదు, పట్టాదారునకును ముఖ్యమైనదే. దీనికి సమాధానము గూఢలిపి చరిత్రలో ఉన్నది.

పిల్లలు ప్రతి అక్షరమునకు ముందు ‘క’ చేర్చి మాటలాడుకొను ‘క’ భాష తెలుగువారందరికిని తెలిసినదే. రాజ్యములు కూడ మొదట ఇట్టి ఉపాయములనే నమ్మినవి. గూఢచారులు సంకేతలిపిలో వార్తలు పంపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. రోమను సేనాని జూలియస్ సీజరు ప్రతి అక్షరమునకు బదులు దాని తరువాతి మూడవ అక్షరమును వ్రాసెడివాడు. ఉపాయము బయటపడినంతనే ఇట్టి రహస్యములన్నియు బయటపడును. బయటపడకున్నను ప్రమాదమే. ఏ భాషలోనైనను కొన్ని అక్షరములు తరచుగను, కొన్ని అరుదుగను వచ్చును. ఆ లెక్కను పట్టుకొని గూఢలిపిని విప్పవచ్చునని 9వ శతాబ్దములో బాగ్దాదు పండితుడు అల్ కిందీ చూపినాడు.

1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అను డచ్చి పండితుడు ఒక సూత్రము చెప్పినాడు: పద్ధతి శత్రువునకు తెలిసినను నష్టము లేకుండవలెను, తాళపుచెవి ఒక్కటి రహస్యముగా ఉన్న చాలును. ఇంటికి వేయు తాళము ఎట్లు పనిచేయునో దొంగకును తెలియును. అతని వద్ద లేనిది చెవి మాత్రమే. గూఢలిపిలో చెవి అనగా ఒక పెద్ద సంఖ్య. 1977లో అమెరికా ప్రభుత్వము స్వీకరించిన డెస్ అను పద్ధతిలో చెవి పొడవు 56 బిట్లు, అనగా దాదాపు 720 కోట్ల కోట్ల చెవులు సాధ్యము. అది చాలుననుకొనిరి. 1998లో ఒక ప్రత్యేక యంత్రము 56 గంటలలో సరియైన చెవిని వెదకి పట్టుకొన్నది! 2001లో దాని స్థానమున ఏ.ఇ.ఎస్. వచ్చినది. ఇద్దరు బెల్జియం వారు రచించిన ఈ పద్ధతి ప్రపంచమంతటికి బహిరంగమే. చెవి పొడవు 128, 192 లేదా 256 బిట్లు. అతి రహస్య పత్రములకు 192గాని 256గాని వాడవలెనని అమెరికా 2003లో నిర్ణయించినది.

అయితే ఆ చెవిని అవతలివానికి చేర్చుట ఎట్లు? దూతతో పంపిన, దూతనే పట్టుకొనవచ్చును. ఈ చిక్కును 1976లో డిఫీ, హెల్మన్‌లు విప్పినారు. మరుసటి సంవత్సరము రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్‌లు ఆర్.ఎస్.ఏ. పద్ధతిని కనుగొన్నారు. బ్రిటిష్ గూఢలిపి శాఖలోని క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే దానిని కనిపెట్టియుండెను గాని, రహస్యములు దాచు శాఖ ఆ సంగతిని 1997 వరకు దాచినది.

ఇందులో ఒక్కొక్కరికి రెండు చెవులు: ఒకటి అందరికి తెలిసినది, ఒకటి యజమానికి మాత్రమే తెలిసినది. 3ను 11తో గుణించిన 33. బహిరంగ చెవి 33, 3 అనుకొనుడు. రహస్య చెవి 7. తహసీల్దారు సంతకము చేయవలసిన సంఖ్య 4 అయినచో, దానిని 7వ ఘాతమునకు హెచ్చించగా 16384; 33తో భాగించిన శేషము 16. ఇదియే సంతకము. పరీక్షించువాడు 16ను 3వ ఘాతమునకు హెచ్చించును: 4096. 33తో భాగించిన శేషము 4. సరిపోయినది! 33ను ముక్కలు చేయుట బడిపిల్లవానికి కూడ తేలికే, అది తెలిసిన 7ను రాబట్టవచ్చును. వాస్తవముగా వాడు సంఖ్య 2048 బిట్లది, అనగా 617 అంకెలది.

పత్రములోని అక్షరములన్నిటి నుండి ముందుగా ఒక సారసంఖ్యను తీసి, దానిపై సంతకము చేయుదురు. ఆదాయములో ఒక్క సున్న చేర్చినను సారసంఖ్య పూర్తిగా మారిపోవును, సంతకము సరిపోదు. సంతకము నిజముగా ఉండునది కంప్యూటరులోని మూలపత్రములో. అందుచేతనే చేతిలోని కాగితమును దరఖాస్తు సంఖ్యతో మూలముతో పోల్చి చూడవలెను. ఇట్టి సంతకమునకు 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము చట్టబద్ధత నిచ్చినది.

రేషన్ షాపులో వేలు పెట్టినప్పుడు రెండు పద్ధతులును కలిసి పనిచేయును. వేలిముద్ర సమాచారమును ఏ.ఇ.ఎస్. చెవితో మూసి, ఆ చెవిని ఆధార్ సంస్థవారి 2048 బిట్ల బహిరంగ చెవితో మూసి పంపుదురు.

గణితమునకు అందని లోపము ఒకటి ఉన్నది. అధికారి రహస్య చెవి ‘డాంగిల్’ అను చిన్న పరికరములో ఉండును. దానిని, దాని సంకేతపదమును మరొకరి చేతిలో పెట్టినచో 617 అంకెలు ఏమియు చేయజాలవు.

గణితమునకే ఎదురైన ముప్పు మరియొకటి. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటరు వచ్చినచో ఆ 617 అంకెలను ముక్కలు చేయవచ్చునని 1994లో పీటర్ షోర్ నిరూపించినాడు. అందుకు తట్టుకొను కొత్త పద్ధతులకు 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణములు వెలువరించినది. చెవిని చేరవేయుటకు రెండవ దారి భౌతికశాస్త్రము చూపినది: కాంతికణములతో చెవిని పంపిన, నడుమ ఎవరైనను తొంగిచూచినచో ఆ కణముల స్థితి మారి, దొంగ పట్టుబడును. 2020 డిసెంబరులో హైదరాబాదులోని రెండు రక్షణ పరిశోధనశాలల మధ్య, డి.ఆర్.డి.ఎల్., ఆర్.సి.ఐ. నడుమ, ఈ విధానమును ప్రదర్శించినారు. గాజు తంతువు మీద 12 కిలోమీటర్ల దూరమునకు దానిని పరీక్షించి చూచినారు.