నమూనా రైలుమార్గాలు – చరిత్ర రచన: నౌపడ–గుణుపురం నేరోగేజ్ మార్గం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అభిరుచి ప్రదర్శనల్లో కనిపించే నమూనా రైలుమార్గాలను సాధారణంగా కాలక్షేపంగానే భావిస్తారు. అసలు మార్గం కనుమరుగైన చోట అవి చరిత్రకు ఆధారాలుగా కూడా ఉపకరిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం వరకు నడిచిన నేరోగేజ్ మార్గాన్ని ప్రధానోదాహరణగా, నరసరావుపేట మీటర్‌గేజ్ మార్గాన్ని పోలికగా స్వీకరించడం జరిగింది. నమూనాలో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది, ఆ లోటును పూరించడానికి తెలుగువారి బొమ్మల కొలువు ఏ దారి చూపుతుంది అనేవి ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: నేరోగేజ్, మీటర్‌గేజ్, నమూనా రైలుమార్గం, పర్లాకిమిడి, బొమ్మల కొలువు, స్థానిక చరిత్ర.

1. ప్రవేశిక:
నేడు నరసరావుపేట స్టేషన్‌లో పట్టాల మధ్య వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. 1990ల దశకంలో గేజ్ మార్పిడి జరిగేవరకు అది 1,000 మిల్లీమీటర్లు మాత్రమే. పంతొమ్మిదో శతాబ్ది చివర సదరన్ మరాఠా రైల్వే కంపెనీ వేసిన ఆ మీటర్‌గేజ్ మార్గం గుంతకల్లు, నంద్యాల, నల్లమల, వినుకొండల మీదుగా వచ్చి, నరసరావుపేట దాటి గుంటూరు చేరేది. గేజ్ మార్పిడితో మార్గం పక్కకు జరగడం వల్ల నల్లమలలోని దొరబావి వంతెన నిరుపయోగమైంది. బ్రాడ్‌గేజ్ వచ్చాక పుట్టిన మా విద్యార్థులకు ఈ సంగతి చెబితే మొదట నమ్మరు. ఇంటికి వెళ్లి తాతగారిని అడిగి వచ్చాక నమ్ముతారు. అడగడానికి తాతగారు లేని రోజున ఆ చిన్న పట్టాల సంగతి ఎవరు చెప్పాలన్నదే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. గేజ్ – భావన:
రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని గేజ్ అంటారు. ప్రపంచంలో అధికభాగం రైళ్లు నడిచే 1,435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజ్ కంటే తక్కువైన ప్రతిదాన్నీ బ్రిటన్‌లో నేరోగేజ్‌గానే పరిగణిస్తారు. భారతదేశంలో మాత్రం మీటర్‌గేజ్‌కు ప్రత్యేక స్థానం ఉంది. 762, 610 మిల్లీమీటర్ల మార్గాలనే ఇక్కడ నేరోగేజ్ అంటారు. గేజ్ తగ్గితే మలుపులు ఇరుకుగా తిప్పవచ్చు, కట్టలు, వంతెనలు చిన్నవవుతాయి, ఖర్చు తగ్గుతుంది. అందుకే కొండలకు, చిన్న సంస్థానాలకు ఈ మార్గాలు అనువయ్యాయి. 1881లో పూర్తయిన డార్జిలింగ్ మార్గం దీనికి ప్రసిద్ధ నిదర్శనం.

నేరోగేజ్‌ను నమూనాకారులు ఇష్టపడటానికీ ఇవే కారణాలు. ఒంటి పట్టా, పొట్టి బండి, ఇరుకు మలుపు ఉన్న మార్గం ఒక బల్లమీద సహజంగా ఇముడుతుంది. పెద్ద జంక్షన్‌ను అదే బల్లమీద చూపాలంటే సగానికి పైగా వదిలివేయవలసి వస్తుంది.

3. నౌపడ–గుణుపురం మార్గం:
పర్లాకిమిడి సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి తన రాజధానిని ప్రధాన రైలుమార్గంపై ఉన్న నౌపడతో కలపడానికి వేయించిన మార్గమిది. గేజ్ 762 మిల్లీమీటర్లు. 1900 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. తొలి సంవత్సరాల్లో నష్టాలు చూసిన ఈ మార్గం తరువాత నిలదొక్కుకుంది. కృష్ణచంద్ర గజపతి కాలంలో, 1929, 1931లలో రెండు దశలుగా గుణుపురం వరకు పొడిగింపు జరిగింది. మొత్తం పొడవు సుమారు 90 కిలోమీటర్లు. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం దీనిపై ముఖ్యమైన ఊళ్లు. 2004 జూన్‌లో నేరోగేజ్ బండి చివరిసారి నడిచింది. బ్రాడ్‌గేజ్ రైలు 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి చేరింది.

దేశంలోని పట్టాలన్నింటినీ ఒకే గేజ్‌కు తేవాలన్న 1992 నాటి యూనిగేజ్ ప్రణాళిక వల్ల ప్రయాణికులకు మేలే జరిగింది. పట్టాలు మార్చడం తప్పు కాదు. మార్చేముందు ఉన్నదాన్ని తగినంతగా నమోదు చేసుకోకపోవడమే లోటు.

4. నమూనాలో కొలతల లెక్క:
అభిరుచి ప్రదర్శనల్లో ఎక్కువగా కనబడే హెచ్‌ఓ స్కేలులో అసలు వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. 762 మిల్లీమీటర్ల గేజ్ 8.76 మిల్లీమీటర్లవుతుంది. బజారులో దొరికే 9 మిల్లీమీటర్ల పట్టా దానికి చాలా దగ్గర. నరసరావుపేట మీటర్‌గేజ్‌కు 11.49 రావాలి, 12 మిల్లీమీటర్ల పట్టా దొరుకుతుంది. మన బ్రాడ్‌గేజ్‌కు 19.26 కావాలి. కానీ ఈ స్కేలు సాధారణ పట్టా 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే దాన్ని 1,435 మిల్లీమీటర్ల గేజ్‌ను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. కనుక ఆ పట్టామీద భారతీయ బ్రాడ్‌గేజ్ ఇంజను నిలిస్తే అది మన రైలు కాదు, మన రంగు వేసుకున్న విదేశీ రైలు. నేరోగేజ్ నమూనా ఈ విషయంలో ఎక్కువ సత్యసంధమైనది.

అయినా పూర్తి సత్యం సాధ్యం కాదు. 90 కిలోమీటర్ల మార్గాన్ని 87వ వంతుకు తగ్గించినా 1,034 మీటర్ల బల్ల కావాలి. అందువల్ల నమూనాకారుడు ఎంపిక చేయక తప్పదు. ఏ స్టేషన్ ఉంచాలి, ఏ వంతెన వదలాలి, ఏ సంవత్సరాన్ని చూపాలి? ఇవి చరిత్రకారుడికి ఎదురయ్యే ప్రశ్నలే. పుణెలో 1998లో ప్రారంభమైన జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం వంటి చోట్ల సందర్శకులు కదిలే బొమ్మ రైలును చూసి ఆనందిస్తారు. పరిశోధకుడు ఆ ఎంపికను చూడాలి.

5. బొమ్మల కొలువుతో పోలిక:
దృశ్యాన్ని చిన్నదిగా చేసి నలుగురికీ చూపే సంప్రదాయం తెలుగువారికి కొత్త కాదు. సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువులో కొండపల్లి ఎడ్లబండి, ఏటికొప్పాక లక్కబొమ్మ, పిల్లవాడి బొమ్మ రైలు పక్కపక్కనే ఉంటాయి. అయితే కొలువులో కొలత అంకెలమీద ఆధారపడదు. దేవుడి బొమ్మ పై మెట్టుమీద పెద్దదిగా ఉంటుంది, ఇల్లు మనిషికంటే చిన్నదైనా ఎవరూ తప్పుపట్టరు. గౌరవమే అక్కడ స్కేలు. నమూనా రైలుమార్గంలో స్థితి దీనికి విరుద్ధం. అక్కడ బోల్టు కూడా లెక్క ప్రకారం ఉంటుంది, ప్లాట్‌ఫారంపై మనిషి మాత్రం అలంకారంగా మిగులుతాడు. ఒకటి ప్రాధాన్యాన్ని చెప్పి కొలతను వదిలితే, మరొకటి కొలతను చెప్పి ప్రాధాన్యాన్ని వదులుతోంది.

6. నమూనా చెప్పని చరిత్ర:
నౌపడలో రెండు గేజ్‌లు కలిసేవి. గేజ్ మారిన చోట సరుకును ఒక బండినుంచి దింపి మరో బండికి ఎక్కించక తప్పదు. ఆ మూటలు మోసిన భుజాలు నమూనాలో సాధారణంగా కనిపించవు. గిడుగు వెంకట రామమూర్తి ఈ రైలు వచ్చేనాటికే పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లుగా ఉపాధ్యాయుడు. ఆ పరిసరాల సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణం రాసిన పండితుడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లారు. రైలు ప్రారంభమైన తేదీకి సరిగ్గా 36 ఏళ్లు. ఆనాటినుంచి ఒకే చిన్న బండి రెండు రాష్ట్రాల మధ్య నడిచింది. పట్టా మారలేదు, దాని కింది నేలకు పాలన మారింది. మిల్లీమీటర్లలో కొలవలేని ఈ మార్పును చూపకపోతే నమూనా ఎంత నిర్దుష్టమైనా అసంపూర్ణమే.

7. ముగింపు:
నమూనా రైలుమార్గం కొలతలకు నమ్మదగిన ఆధారం, జీవితానికి చాలని ఆధారం అని ఈ పరిశీలనలో తేలుతోంది. కాబట్టి నేరోగేజ్ నమూనా తయారుచేసేవారు, స్థానిక చరిత్ర రాసేవారు కలిసి పనిచేయడం అవసరం. స్టేషన్ కొలతలతోపాటు ఆ స్టేషన్ మాటలను, పనులను, మనుషుల జ్ఞాపకాలను సేకరించి నమూనా పక్కన తెలుగులో ఉంచితే, అది కొలువూ అవుతుంది, చరిత్రా అవుతుంది. తెలుగు శాఖల విద్యార్థులు ఈ పనికి ఎంతో దూరం వెళ్లనవసరం లేదు. నరసరావుపేటలో మీటర్‌గేజ్ బండి ఎక్కినవారు ఇంకా ఉన్నారు. దాని పట్టాల వెడల్పు పుస్తకాల్లో ఎప్పటికైనా దొరుకుతుంది. ఆ బండిలో కూర్చున్నవారి మాట మాత్రం ఇప్పుడు అడిగితేనే దొరుకుతుంది.