ఆ టవర్లు ఎక్కడ పాతాలి?

1935 ఫిబ్రవరి 26. ఇంగ్లండ్‌లో డావెంట్రీకి దగ్గర్లోని ఒక పొలంలో మోరిస్ వ్యాన్ ఆగి ఉంది. లోపల రేడియో శాస్త్రవేత్త రాబర్ట్ వాట్సన్-వాట్, ఆయన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్, వైమానిక మంత్రిత్వ శాఖ తరఫున వచ్చిన ఏ.పి. రో. ముగ్గురి చూపూ చిన్న గాజు తెర మీది ఆకుపచ్చ చుక్క మీదే.

శత్రు విమానాన్ని రేడియో తరంగాలతో కాల్చి పడేయగలమా అని ప్రభుత్వం మొదట అడిగింది. విల్కిన్స్ లెక్క వేసి కుదరదన్నాడు. విమానానికి తగిలి వెనక్కి వచ్చే తరంగాన్ని పట్టుకోవడం మాత్రం సాధ్యమేనన్నాడు. వైమానిక దళంలో పరిశోధన వ్యవహారాలు చూసే హ్యూ డౌడింగ్ మాటలతో తృప్తిపడే మనిషి కాదు. ముందు చూపించండి, తర్వాతే డబ్బు అన్నాడు. అందుకే ఈ పొలం. ట్రాన్స్‌మిటర్ కూడా సొంతది కాదు. డావెంట్రీలో బీబీసీ ప్రసారాలు ఎలాగూ నడుస్తున్నాయి, వాటినే వాడుకున్నారు.

హేఫోర్డ్ బాంబర్ నెత్తి మీదుగా వెళ్లింది. చుక్క కదిలింది, గీతలా సాగింది, మళ్లీ కుదురుకుంది. సుమారు 13 కిలోమీటర్ల దూరం దాకా విమానం ఆచూకీ చిక్కింది. డౌడింగ్ 10,000 పౌండ్లు ఇప్పించాడు.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది. తీరం పొడవునా కాపలా పెట్టాలి, డబ్బేమో కొంచెం, యుద్ధం దగ్గరపడుతోంది. అన్ని వైపులా చూసే మేలైన రాడార్ కోసం ఆగుదామా? వాట్సన్-వాట్ ఒప్పుకోలేదు. ఇప్పుడు చేతికందే మూడో రకమే చాలు, రెండో రకం ఆలస్యంగా వస్తుంది, మొదటి రకం ఎప్పటికీ రాదన్నది ఆయన పట్టుదల. ఈ కథలో నేను అన్నిటికంటే గౌరవించేది ఆ పట్టుదలనే. తిరిగే యాంటెన్నాలు లేవు. ట్రాన్స్‌మిటర్లకు 360 అడుగుల ఉక్కు టవర్లు, రిసీవర్లకు 240 అడుగుల చెక్క టవర్లు. అవి సముద్రం వైపే చూసేవి. శత్రువు తీరం దాటి లోపలికొస్తే ఇక బైనాక్యులర్లు, ఫోన్లు పట్టుకున్న పరిశీలక దళమే దిక్కు.

స్థలాలు వెతికేవాళ్లకు ఇచ్చిన షరతులు చదివితే ముచ్చటేస్తుంది. తీరానికి కాస్త వెనగ్గా ఉండాలి, అక్కడి నుంచి సముద్రం దాకా నేల నునుపుగా వాలాలి. బరువైన సామాను చేరే దారి, టవర్ల బరువు మోసే నేల, అందుబాటులో కరెంటు కావాలి. ఓడల ఫిరంగులకు చిక్కకూడదు, పైనుంచి చూస్తే కొట్టొచ్చినట్టు కనబడకూడదు. వీటన్నిటికీ తోడు, దొరల గ్రౌస్ పిట్టల వేటకు పెద్దగా అడ్డు రాకూడదు! వాళ్లు ఇన్నిటినీ తూచి చోట్లు ఎంచారు.

మొదట లండన్‌కు కాపలాగా థేమ్స్ ముఖద్వారం చుట్టూ అయిదు కేంద్రాలు తలపెట్టారు. 1937లో 20 కేంద్రాల గొలుసుకు అనుమతి దొరికింది. దాని పేరు చైన్ హోమ్. నీళ్లను రాసుకుంటూ కిందుగా వచ్చే విమానాలు దానికి అందవని నిపుణులకు తెలుసు. ఆ కన్నం పూడ్చడానికి పొట్టి తరంగదైర్ఘ్యంతో పనిచేసే ‘చైన్ హోమ్ లో’ (Low) అనే కేంద్రాలను తర్వాత జోడించారు.

1940 ఆగస్టు 12. జర్మన్ విమానాలు డోవర్, రై, పెవెన్సీ, ఇంగ్లండ్‌లోనే ఉన్న డన్‌కిర్క్, వెంట్నార్ కేంద్రాల మీద విరుచుకుపడ్డాయి. గుడిసెలు కూలాయి, తీగలు తెగాయి. అల్లిక కట్టడం కావడంతో పేలుడు గాలి సందుల్లోంచి దూసుకుపోయింది, టవర్లు నిలిచాయి. చాలా కేంద్రాలు గంటల్లోనే మళ్లీ పని మొదలుపెట్టాయి. వెంట్నార్ మాత్రం రోజుల తరబడి మూగబోయింది. కానీ గొలుసులో ఒక కేంద్రం చూసే మేర పక్క కేంద్రం మేరతో కలిసేలా ముందే అమర్చారు. దానికి తోడు, వెంట్నార్ ఇంకా బతికే ఉందని జర్మన్లు నమ్మేలా వేరే ట్రాన్స్‌మిటర్‌తో సంకేతాలు పంపుతూ వచ్చారు.

ఆగస్టు 15న జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ తన సేనానులతో సమావేశమయ్యాడు. దాడి చేసిన రాడార్ కేంద్రం ఒక్కటీ మూతపడలేదు కాబట్టి వాటి మీద బాంబులు వృథా చేయడం దేనికని సందేహం వెలిబుచ్చాడు. అప్పటికి వెంట్నార్ తెర ఇంకా చీకటిగానే ఉంది.