నాలుగు మూలలా నలుగురు

మా వదినకు ఆకాశం మీద నమ్మకం లేదు. అందుకు కారణమూ లేకపోలేదు. 2023 డిసెంబరు 4వ తేదీ పొద్దున దుండిగల్ వైమానిక అకాడమీ నుంచి బయల్దేరిన శిక్షణ విమానం ఒకటి మా తూప్రాన్ మండలంలోని రావెల్లి దగ్గర కూలిపోయింది. అందులో ఉన్న ఇద్దరూ, నేర్పే ఆయనా నేర్చుకునే అబ్బాయీ, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజు లేచిన పొగను వదిన మిద్దె మీంచి చూసింది. అప్పట్నుంచీ పైన విమానం చప్పుడైతే చాలు, చేతిలో పని ఆపి అది దాటిపోయేదాకా తలెత్తి చూస్తూనే ఉంటుంది.

అలాంటి వదిన ముందు నిలబడి కొత్త కోడలు "అత్తమ్మా, నేను డ్రోను నేర్చుకుంట" అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి!

సంగతేమిటంటే, 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 15,000 మహిళా సంఘాలకు మందు కొట్టే డ్రోన్లు ఇప్పించే పథకం ఒకటి ప్రకటించింది. నమో డ్రోన్ దీదీ అని దాని పేరు. ఖరీదులో నూటికి ఎనభై వంతులు, ఎనిమిది లక్షలకు మించకుండా, సర్కారే భరిస్తుందన్నారు. సంఘంలో ఒకామెకు పదిహేను రోజుల శిక్షణ. పది చదివిన మా కోడలి కళ్లు మెరిశాయి. వదిన కళ్లు ఎర్రబడ్డాయి.

"నడిపెటోడు లోపల కూసున్న ఇమానమే పడ్డది. మనిషే లేనిది పడదా? పొలంల పిల్లగాండ్లు తిరుగుతుంటరు. ఎవరి నెత్తిమీదనన్న పడితే ఎవరు జవాబు చెప్తరు?" అంది వదిన.

బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని గనక తగవు నా దగ్గరకొచ్చింది. వదిన అడిగింది పిరికి ప్రశ్న అని కోడలు అనుకుంది. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఆ ప్రశ్నకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది మరి.

1907లో ఫ్రాన్సులో బ్రెగే అనే అన్నదమ్ములు, రిషే అనే ప్రొఫెసరుగారూ కలిసి ఒక యంత్రం కట్టారు. ఈ రిషేగారికే తర్వాత 1913లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. నాలుగు మూలలా నాలుగు పెద్ద పంకాలు, మధ్యలో ఇంజను, మనిషి కూర్చోను చోటు. చూడ్డానికి ఇవాళ్టి డ్రోనుకు ముత్తాతలా ఉంటుంది. అది నిజంగానే నేల విడిచింది. ఎంతెత్తు అనుకున్నారు? రెండడుగులు! ఆ రెండడుగులకు కూడా నాలుగు మూలలా నలుగురు మనుషులు నిలబడి పట్టుకోవాల్సి వచ్చింది. వదిలితే ఒక పక్కకు ఒరిగిపోతుంది. బలం ఉంది, నిలకడ లేదు.

తర్వాత 1922 డిసెంబరులో అమెరికా సైన్యం కోసం డి బొతెజా అనే ఇంజనీరు ఇలాంటిదే మరోటి ఎగరేశాడు. నూరుసార్లకు పైగా ఎగిరింది గానీ, పదిహేనడుగుల ఎత్తుకు మించి పోయింది లేదు. నడిపేవాడికి కాళ్లూ చేతులూ చాలేవి కావు. ఒక మూల సర్దేసరికి ఇంకో మూల వంగేది. 1924లో సైన్యం ఆ పని మానేసింది. అదే ఏడాది మే 4న ఫ్రాన్సులో ఎమిషెన్ అనే ఆయన నాలుగు పంకాల యంత్రాన్ని కిలోమీటరు దూరం చుట్టి తెచ్చాడు. ఏడు నిమిషాల నలభై సెకండ్లు పట్టింది. మనం నడిస్తే అంతకంటే కాస్త ఆలస్యమవుతుందేమో, అంతే! చివరికి 1939లో సికోర్‌స్కీ పైనొక పెద్ద పంకా, తోకకొక చిన్న పంకా పెట్టి హెలికాప్టరును దారిలో పెట్టాక, నాలుగు పంకాల ఊసు అటకెక్కింది.

అటక మీంచి దాన్ని దింపిందెవరో తెలుసా? పిల్లల ఆటవస్తువు! చేత్తో ఊపుతూ ఆడే వీడియో ఆట ఒకటుంది. చెయ్యి ఎటు తిరిగిందో కనిపెట్టడానికి అందులో గోరంత జైరోస్కోపు పెట్టారు. 2010 ప్రాంతంలో ఫ్రాన్సులోనే ఒక ఔత్సాహికుడు ఆ చిన్న ముక్కను ఊడదీసి, నాలుగు పంకాల బొమ్మకు తగిలించి, దాన్ని నిలబెట్టే ప్రోగ్రాము రాసి, అందరికీ ఊరికే పంచిపెట్టాడు. స్విట్జర్లాండులో జూరిక్ విద్యార్థులు, అమెరికాలో మరికొందరు అప్పటికే ఇలాంటి పనిలోనే ఉన్నారు. ఈ చిన్న మెదడునే ఫ్లైట్ కంట్రోలరు అంటారు. 1907లో నలుగురు మనుషులు చేసిన పనే ఇది చేసేది. ఎటు ఒరుగుతోందో చూడ్డం, ఆ మూల పంకాను కాస్త జోరుగా తిప్పడం. అదీ సెకండుకు కొన్ని వందలసార్లు.

బతుకమ్మను నెత్తిన పెట్టుకుని చెరువుకు నడిచే ఆడవాళ్లను చూడండి. బతుకమ్మ కదలకుండా ఉందనుకుంటాం. నిజానికి మెడ క్షణక్షణమూ సర్దుకుంటూనే ఉంటుంది. డ్రోను సంగతీ అంతే. ఒరగకపోవడం కాదు దాని గొప్ప, ఒరిగినట్టు వెంటనే తెలుసుకోవడం.

"మరి గా తెలుసుకునేదే తప్పయితే?" అంది వదిన. చూశారా, ఇంజనీర్లను నిద్రపోనివ్వని ప్రశ్న కూడా ఇదే.

2019లో అదే జూరిక్‌లో ఏమైందో చెప్పాను. అక్కడి తపాలా శాఖ ఆసుపత్రుల నమూనాలను డ్రోన్ల మీద చేరవేసేది. జనవరిలో ఒక డ్రోనులో దారి చెప్పే జీపీఎస్ భాగం షార్టయింది. అది పారాచూటు విప్పుకుని సరస్సులో దిగింది. సరే, పారాచూటన్నా పనిచేసిందనుకున్నారు. మే 9న ఇంకో డ్రోనుకు పారాచూటు తాడే తెగిపోయింది. నేలకు కొట్టుకున్న చోటికి కొద్ది దూరంలోనే పసిపిల్లలు ఆడుకుంటున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తపాలా శాఖ డ్రోన్లన్నిటినీ ఆపి, అసలు లోపమేమిటో వెతికే పనిలో పడింది.

అందుకే పెద్ద విమానాల వాళ్లు ఒక్కదాన్ని నమ్ముకోరు. 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరిన మన తేజస్ యుద్ధవిమానం, కంప్యూటరు సాయం లేకపోతే గాలిలో స్థిరంగా నిలవలేదు. కావాలనే అలా కట్టారు, చురుగ్గా తిరగడానికి. దాని అదుపు వ్యవస్థలో ఒకే పని నాలుగు దారుల్లో జరుగుతుంది. ఒక దారి తప్పుడు లెక్క చెబితే మిగతావి దాన్ని పక్కనపెడతాయి. ఆ పథకానికి సారథ్యం వహించిన కోట హరినారాయణగారు తర్వాత మన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా వచ్చారు. ఇంట్లో రెండు గడియారాలు రెండు టైములు చూపిస్తే ఏది నిజమో తేలదు. మూడోది ఉంటే తేలుతుంది. మంచి డ్రోన్లలో జైరోస్కోపులు మూడేసి పెట్టడంలో మర్మం ఇదే.

అయితే అన్నిటికీ మందు అదొక్కటే కాదు. నాలుగు పంకాల డ్రోనుకు గాలిలో ఒక మోటారు ఆగిందంటే మామూలుగా తలకిందులవుతుంది. ఆరో ఎనిమిదో ఉంటే మిగతావి మోసుకుని దిగే వీలుంటుంది. దాని దిక్సూచికి ఇనుమంటే పడదు. రేకుల షెడ్డు పక్కన, బోరు మోటారు పక్కన పెట్టి లేపితే దిక్కు తప్పవచ్చు. సిగ్నలు తెగితే బయల్దేరిన చోటికి తనంతట తానే తిరిగొస్తుంది, నిజమే. కానీ ఆ చోటు సరిగ్గా గుర్తుపట్టకముందే తొందరపడి ఎగరేస్తే ఎక్కడికొస్తుందో చెప్పలేం. తిరిగొచ్చే ఎత్తు వేపచెట్టు కంటే తక్కువ పెడితే చెట్టుకే తగులుకుంటుంది. ఇందులో యంత్రం తప్పెంత, మన తప్పెంత?

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు ఇందుకే బరువును బట్టి తరగతులు పెట్టాయి. రెండు కిలోలు దాటినవాటిని నడపడానికి సర్టిఫికెట్టు ఉండాలన్నాయి. ఆ మరుసటి నెలే, సెప్టెంబరు 11న, మన పక్కనున్న వికారాబాదులో డ్రోన్లతో మందులూ టీకాలూ పంపే ప్రయోగం మొదలైంది. రోడ్డు సరిగ్గా లేని ఊరికి టీకా ఆకాశం మీంచి దిగడం చిన్న సంగతా! మందు డబ్బా వీపున కట్టుకుని, ఆ వాసన పీలుస్తూ చేనంతా తిరిగే బాధ తప్పడం చిన్న సంగతా! అన్నయ్య ఆ డబ్బా మోసి మోసి నడుము పట్టేసి మూలిగిన రాత్రులు వదినకు తెలియనివి కావు.

అన్నీ విని వదిన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి కోడలివైపు తిరిగింది.

"ఆరు ఫ్యాన్లదైతేనే తీసుకోవాలె. ఎగిరేసేముందు ఒక్కొక్క రెక్క చేత్తో పట్టి చూడాలె. గాలి లేస్తే ఆ రోజు పని బందు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట అత్తమ్మా."

"ఇంకొకటి. మొదటి దినం నేనూ వస్త. గట్టు మీద కట్టె పట్టుకుని నిలబడత. పిల్లగాండ్లను ఆ దిక్కు రానియ్య."

నాకు నవ్వొచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే వదిన చెప్పినవాటిలో కొట్టివేయదగ్గది ఒక్కటీ కనబడలేదు. ఫ్రాన్సులో 1907లో నాలుగు మూలలా నలుగురు మగవాళ్లు నిలబడ్డారు. ఆ నలుగురి పనీ ఇప్పుడు గోరంత ముక్క చేస్తోంది. అయినా గట్టు మీద ఇంకా ఒక మనిషి కావాలి. మా తూప్రాన్‌లో ఆ మనిషి మా వదిన.