ఘాటు బాట

నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి మోటారు సైకిలుపై పోవువారు పంచరు సామాను వెంట నుంచుకొనవలెనని మా మనవి. ట్యూబు టైరుకు ప్యాచీలు, సొల్యూషను, లీవర్లు, పంపు; ట్యూబులెస్ టైరుకు రబ్బరు పోగులు, పంపు కావలెను. 1888లో డన్లప్ పేటెంటు పొందిన గాలిటైరు కుదుపును తగ్గించెను గాని, మేకునకును ముల్లునకును లోకువయ్యెను.

సామాను మరచినవానికి ఈ కొండదారి కష్టము తెలియును. దీనిని వేసినవారి కష్టము ఇంకను పెద్దది. బ్రిటిషు పాలనలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యవాసులచే చాలీచాలని కూలికి బాట పని చేయించెను. అడవిపై ఆంక్షలకు ఈ కడుపుమంట తోడయ్యెను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట వారు చింతపల్లి ఠాణాను ముట్టడించి తుపాకులు గైకొనిరి.

చక్రము ఆగినచోట ఆ చేతులను మనము తలచుకొందము.