పగటివేషము: భిక్షాటనమా, వృత్తినటనమా?

వీథినాటకము, యక్షగానము, తోలుబొమ్మలాట మొదలగు మన జానపద దృశ్యకళలు ప్రధానముగా రాత్రివేళ కాగడాల వెలుగున సాగినవి. పట్టపగలు ప్రదర్శింపబడుటచేతనే పగటివేషమున కా పేరు కలిగినది. దీనికి రంగస్థలము లేదు, తెర లేదు. అంగడివీథి, రచ్చబండ, గృహస్థుని వాకిలి - ఇవియే దీనికి రంగములు.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున, పర్వతప్రకరణములో, శ్రీశైలమున శివరాత్రినాటి వినోదములను వర్ణించుచు బహురూపము నాడువారిని పేర్కొనెను. ఆ బహురూపమే పగటివేషమని నిశ్చయించుట సాహసమగును. కాని రూపము మార్చి జనులను మెప్పించు కళ మనకు ప్రాచీనమనుటకు ఇది చాలును.

తరువాతి కాలమున గణాచారులు, బుడిగజంగములు మున్నగువారు ఈ కళను వృత్తిగా గైకొనిరి. కూచిపూడి భాగవతులును ఈ వేషములు కట్టిరి. దళమువా రొక ఊర విడిసి దినమున కొక వేషము చొప్పున ప్రదర్శింతురు. సోమయాజి-సోమిదేవమ్మ, పఠాను, ఫకీరు, ఎరుకలసాని, బుడబుక్కలవాడు మున్నగునవి వీనిలో ప్రసిద్ధములు. వేషధారి అంగడివానితో బేరమాడును, దారిన పోవువానిని నిలదీయును. ఇది నటన మని యెరిగినవారు కొందరు, ఎరుగనివారు కొందరు. ఎరుగనివాడు తడబడును, ఎరిగినవారు నవ్వుదురు. తనకు తెలియకయే ప్రేక్షకుడు పాత్రయగుట ఈ హాస్యమునకు మూలమని మా అభిప్రాయము.

ఈ కళకు కీడు కలిగినదియు ఇక్కడనే. నిజమని భ్రమింపజేయుటయే నటునకు విజయము. అతడు ధరించు వేషములలో పెక్కులు యాచకులవి. కావున యాచకు ననుకరించు నటుడు యాచకుడుగనే లెక్కింపబడెను. ఈ దృష్టి చట్టములలోనికిని ప్రాకినది. బహురూపులను పేర ఇట్టి నటులే గల మహారాష్ట్రమున, 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టము, ఆటపాటల మిషతో బహిరంగస్థలమున దానము గొనుటను గూడ భిక్షాటనముగనే నిర్వచించినది. ఢిల్లీకి విస్తరింపబడిన ఆ చట్టమున భిక్షాటనమును నేరముగా నెంచు నిబంధనలను ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2018లో కొట్టివేసినది.

పగటివేషగాని వృత్తిమర్యాద మాత్రము వేరు. అతడు దినదినమును చేయి చాపడు. వేషములన్నియు ముగిసిన పిమ్మట, కడపటి దినమున ఇల్లిల్లు తిరిగి సంభావన గొనును. యాచకు డడిగినది ముందు గొనును. ఇతడు పని ముగించి పిదప గొనును. ఊరు అన్నియు చూచి, తూచి ఇచ్చిన ఆ సంభావన భిక్ష కాదు, నటనకు వేతనము.

కావున పరిశోధకులు వేషగాండ్ర పాటలను సేకరించుటతో తృప్తి పడరాదు. దళ మెన్నినాళ్లు విడిసినది, ఏ వాకిట ఏమి పలికినది, ఎవరు భ్రమసిరి, కడపట ఎవరేమిచ్చిరి - ఈ వివరములనుగూడ వృద్ధకళాకారుల నోట విని వ్రాసికొనవలెను. అవి లేనిచో మనకు పాట మిగులును గాని పగటివేషము మిగులదు.