రెండవ అలెగ్జాండర్ సంస్కరణలు

రష్యా జార్ రెండవ అలెగ్జాండర్ (పాలన 1855–1881) క్రిమియా యుద్ధంలో ఎదురైన పరాజయం తరువాత చేపట్టిన మార్పులను ఈ పేరుతో వ్యవహరిస్తారు. వీటిలో ప్రధానమైనది 1861 నాటి సెర్ఫుల విముక్తి. భూస్వామి అనుమతి లేనిదే ఊరు విడువడానికి గాని, పెళ్లి చేసుకోవడానికి గాని వీలులేక, భూమితోపాటు చేతులు మారే రైతును సెర్ఫు అంటారు. రెండు కోట్లకు పైగా సెర్ఫులకు స్వేచ్ఛ లభించింది గాని, భూమి ఉచితంగా దక్కలేదు: ప్రభుత్వం భూస్వాములకు పరిహారంలో అధికభాగాన్ని ముందుగా చెల్లించి, దానిని 49 ఏళ్ల వార్షిక వాయిదాలలో రైతులనుండి రాబట్టుకొనే ఏర్పాటు చేసింది. ఆ బాకీకి 'మీర్' అనే గ్రామ సముదాయమంతా ఉమ్మడి పూచీ వహించవలసి రావడంతో, రైతు దొర చెర వీడి ఊరికి కట్టుబడ్డాడనడం అతిశయోక్తి కాదు.

1864లో 'జెమ్‌స్త్వో' అనే స్థానిక సభలూ, జ్యూరీ విచారణా వచ్చాయి. జాతీయ శాసనసభ మాత్రం రాలేదు. ఎన్నికైన ప్రతినిధులను సంప్రదింపులకు పిలవాలన్న అంతరంగిక వ్యవహారాల మంత్రి లోరిస్-మెలికోవ్ ప్రతిపాదనకు ఆమోదం తెలిపిన రోజునే, పాత పంచాంగం ప్రకారం 1881 మార్చి 1న, జార్ విప్లవకారుల బాంబుకు బలయ్యాడు. కుమారుడు మూడవ అలెగ్జాండర్ ఆ ప్రతిపాదనను పక్కనపెట్టి, ఏప్రిల్ నాటి ప్రకటనలో నిరంకుశాధికారాన్నే పునరుద్ఘాటించాడు. విముక్తి వాయిదాలు 1905 విప్లవం తరువాత, 1907 జనవరి నుండి రద్దయ్యాయి.