నెక్సావార్ తప్పనిసరి లైసెన్సు

నెక్సావార్ తప్పనిసరి లైసెన్సు భారతదేశంలో పేటెంటు చట్టం 84వ సెక్షను క్రింద మంజూరైన మొదటి తప్పనిసరి లైసెన్సు. జర్మనీకి చెందిన బేయర్ సంస్థ పేటెంటు కలిగిన క్యాన్సరు మందు సొరాఫెనిబ్‌ను తయారుచేసి అమ్ముకొనుటకు హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా సంస్థకు 2012 మార్చి 9న ఈ అనుమతి లభించింది. నెక్సావార్ అనేది ఆ మందుకు బేయర్ పెట్టిన వ్యాపార నామము.

నేపథ్యం

1970 నాటి పేటెంటు చట్టం (1972 ఏప్రిల్ 20 నుండి అమలు) మందులపై ఉత్పత్తి పేటెంటును తొలగించి, తయారీ విధానానికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. అంటే అదే మందును వేరొక పద్ధతిలో తయారుచేస్తే తప్పు లేదు. విదేశీ సంస్థలు దీనిని రక్షణవాదమని నిరసించాయి. దేశీయ ఔషధ పరిశ్రమ, ముఖ్యంగా హైదరాబాదు చుట్టుప్రక్కల వెలసిన కర్మాగారాలు, ఈ వెసులుబాటు నీడనే ఎదిగాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ వారి ట్రిప్స్ ఒప్పందాన్ని అనుసరించి 2005లో ఉత్పత్తి పేటెంటును పునరుద్ధరించారు. అయితే అదే ఒప్పందంలోని 31వ అధికరణం తప్పనిసరి లైసెన్సులకు అవకాశమిస్తున్నది.

వివాదం

సొరాఫెనిబ్‌ను ముదిరిన కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లలో వాడతారు. ఇది రోగాన్ని పూర్తిగా నయం చేయదు, ఆయుష్షును కొన్ని నెలలు పొడిగిస్తుంది. బేయర్‌కు భారత పేటెంటు 2008 మార్చి 3న లభించింది. నెలకు కావలసిన 120 మాత్రల ధర 2,80,428 రూపాయలు. ఒక మధ్యతరగతి కుటుంబం ఏడాది పొడుగునా సంపాదించినా ఒక నెల మందుకు చాలని రోజులవి.

2010 డిసెంబరులో నాట్కో సంస్థ స్వచ్ఛంద లైసెన్సు కోరగా బేయర్ నిరాకరించింది. పేటెంటు ఇచ్చిన తేదీ నుండి మూడేళ్ళు గడిస్తేగాని 84వ సెక్షను క్రింద దరఖాస్తు చేయరాదు. ఆ గడువు ముగిసిన తరువాత, 2011 జూలైలో నాట్కో దరఖాస్తు చేసింది.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం గమనించాలి. అప్పటికే సిప్లా సంస్థ ఇదే మందును సుమారు 30,000 రూపాయలకు అమ్ముతున్నది. దానిపై బేయర్ ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. కాని నాట్కో దరఖాస్తును ఎదుర్కొనేటప్పుడు మాత్రం, సిప్లా అమ్మకాలను కూడా లెక్కలోనికి తీసుకొని ప్రజల అవసరం తీరినట్లే భావించాలని బేయర్ వాదించింది. ఒకచోట అక్రమమన్న సరుకును మరొకచోట తన ఖాతాలో చూపడం కుదరదని కంట్రోలర్ ఆ వాదనను త్రోసిపుచ్చారు.

తీర్పు

పేటెంట్ల కంట్రోలర్ జనరల్ పి.హెచ్.కురియన్ మూడు అంశాలలోనూ నాట్కో పక్షాన నిలిచారు. బేయర్ మందు అవసరమైన రోగులలో సుమారు రెండు శాతం మందికే చేరింది. ధర అందుబాటులో లేదు. పేటెంటు ఈ దేశంలో వినియోగంలోనికి రాలేదు. నెల మందును 8,880 రూపాయలకు మించి అమ్మరాదని, నికర అమ్మకాలపై 6 శాతం రాయల్టీ బేయర్‌కు చెల్లించాలని, ఏడాదికి కనీసం 600 మంది పేదలకు ఉచితంగా ఇవ్వాలని షరతులు పెట్టారు. మందును దేశంలోనే అమ్మాలి.

మూడవ అంశమే అసలైన వాణిజ్య వివాదం. కేవలం దిగుమతి చేసుకొంటే పేటెంటు వినియోగమైనట్లు కాదని కంట్రోలర్ అభిప్రాయపడ్డారు. విదేశీ సరుకుకు, దేశీయ సరుకుకు భేదం చూపరాదన్న ట్రిప్స్ 27వ అధికరణానికి ఇది విరుద్ధమని విదేశీ సంస్థల ఫిర్యాదు. ఆ ఆక్షేపణలో కొంత బలం లేకపోలేదు. మేధాసంపత్తి అప్పీళ్ళ మండలి కూడా 2013 మార్చి 4న లైసెన్సును సమర్థిస్తూనే, కొన్ని సందర్భాలలో దిగుమతి కూడా వినియోగం కావచ్చునని సవరించింది. రాయల్టీని 7 శాతానికి పెంచింది. ధర అంశం మాత్రం చెక్కుచెదరలేదు. బొంబాయి హైకోర్టు 2014 జూలైలోను, సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబరులోను బేయర్ అభ్యర్థనలను త్రోసిపుచ్చాయి.

తదనంతర పరిణామాలు

విదేశీ సంస్థలు భయపడినట్లు లైసెన్సుల వరద రాలేదు. డాసాటినిబ్ కోసం బి.డి.ఆర్. ఫార్మా చేసిన దరఖాస్తు 2013లోను, మధుమేహపు మందు సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాదు సంస్థ లీ ఫార్మా చేసినది 2016లోను తిరస్కరణకు గురయ్యాయి. 2021లో కోవిడ్ చికిత్సకై బారిసిటినిబ్ కోసం నాట్కో దరఖాస్తు చేసింది. తరువాత ఎలీ లిల్లీ సంస్థ రాయల్టీ లేని స్వచ్ఛంద లైసెన్సు ఇవ్వడంతో ఆ దరఖాస్తును వెనక్కి తీసుకొన్నది. సొరాఫెనిబ్ పేటెంటు గడువు 2020లో తీరింది.